ఆడపిల్లల ధైర్యానికి క్లాసులు పెడితే ఫీజు కట్టేవాళ్లుంటారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి, ఆడపిల్లల బెరుకు, దాన్ని పోగొట్టే క్లాసులు, ఆ క్లాసులు పెట్టాలనుకునేవాళ్లు, పిల్లల్ని వాటికి పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న అమ్మలు. అందుకే అన్నీ ఒకేచోట పెట్టి రాస్తున్నాను. మొదటి జవాబు కొంచెం పొడుగైంది, ఆ ఉత్తరంలో అడిగినవి అలాంటివి మరి.

ప్రశ్న: మేడం గారికి నమస్తే. నాకు 34 ఏళ్లు, ఎమ్మెస్సీ బీఈడీ చేశాను, ప్రైవేట్ స్కూల్లో 9 ఏళ్లు సైన్స్ చెప్పి పోయినేడాది మానేశాను. ఆన్సర్ తెలిసి కూడా ఆడపిల్లలు చెయ్యి ఎత్తకపోవడం రోజూ చూసేదాన్ని, ఆరు ఏడు క్లాసుల్లో గలగలా మాట్లాడిన పిల్ల ఎనిమిదికి వచ్చేసరికి వెనక బెంచీలోకి వెళ్లి తలొంచుకుని కూర్చునేది. వాళ్ల కోసం కాన్ఫిడెన్స్ కోచింగ్ పెట్టాలని నా కోరిక. మావారేమో ‘సైన్స్, మ్యాథ్స్ ట్యూషన్ పెట్టు జనం వస్తారు, ధైర్యానికి ఎవరు డబ్బులిస్తారు’ అంటున్నారు. ఆన్‌లైన్‌లో ఒకళ్లు రెండు రోజుల కోర్సుకి సర్టిఫైడ్ కోచ్ అని సర్టిఫికెట్ ఇస్తాం, 45 వేలు అన్నారు. కట్టమంటారా? ఎక్కడ మొదలుపెట్టాలి, ఫీజు ఎంత పెట్టాలి, లైసెన్సులు కావాలా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ 45 వేలు కట్టొద్దమ్మా, ముందు ఆ సంగతి తేల్చేసి మిగతావి మాట్లాడుకుందాం. కోచ్ అని బోర్డు పెట్టుకోడానికి మన దేశంలో గవర్నమెంట్ ఇచ్చే లైసెన్సంటూ ఏదీ లేదు, ఈ సర్టిఫికెట్లన్నీ ప్రైవేట్ వాళ్లిచ్చేవే. నెలల తరబడి ప్రాక్టీసు చేయించి, మనం పిల్లలతో మాట్లాడే తీరు పక్కన కూర్చుని విని సరిదిద్దే మంచి కోర్సులూ ఉన్నాయి, కాస్త నిలదొక్కుకున్నాక అవి చూద్దురుగాని. రెండు రోజుల్లో ఇచ్చే కాయితం చూసి తెనాలిలో ఏ తల్లీ పిల్లని పంపించదు, మీరు ఏ స్కూల్లో చెప్పారు, ఎన్నేళ్లు చెప్పారు, ఫలానా వాళ్లమ్మాయి మీ దగ్గరే చదివిందా, ఇవే అడుగుతారు. ఆ లెక్కన మీ 9 ఏళ్ల సర్వీసుకే విలువ ఎక్కువ. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి, బోర్డు మీద గానీ పాంప్లెట్‌లో గానీ థెరపీ, సైకాలజిస్ట్, ట్రీట్‌మెంట్ లాంటి మాటలు రానివ్వకండి, క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచెయ్యాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయ్యుండాలి, అది వేరే చదువు, వేరే బాధ్యత.

ఇక మీవారి మాట. దాన్ని కొట్టిపారెయ్యకండి, ఈ వ్యాపారంలో అసలు ప్రశ్న ఆయన అడిగినదే. క్లాసుకొచ్చేది పిల్ల, ఫీజు కట్టేది అమ్మానాన్న. వాళ్లు కంటికి కనపడేదానికి కడతారు, అబాకస్‌కి కడతారు, కరాటేలో బెల్టు రంగు మారుతుంటే కడతారు, స్పోకెన్ ఇంగ్లీష్ అంటే మారు మాట్లాడకుండా కడతారు. ధైర్యానికి బెల్టూ లేదు మార్కులూ లేవు. దీనికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది, దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. చాలామంది తల్లిదండ్రులకి కావాల్సింది స్టేజీ ఎక్కి మైకు పట్టుకుని గడగడా మాట్లాడే కూతురు, అంతేగానీ పెళ్లిలో ఎవరో చుట్టం ‘ఏంటే ఇంత నల్లబడ్డావ్’ అంటే ‘అలా అనకండి అత్తయ్యా, నాకు బాధేస్తుంది’ అని మొహం మీద చెప్పే కూతురు కాదు. ఈ రెండూ ఒకే పిల్లలోంచి రావాలి కదా. ఇంట్లో నోరెత్తనివ్వకుండా స్టేజీ మీద మాత్రం మాట్లాడమంటే ఆ పిల్ల బట్టీపట్టిన స్పీచ్ అప్పజెబుతుంది, మధ్యలో ఒక్క లైను మర్చిపోతే అక్కడే నిలబడి ఏడుస్తుంది, స్కూల్ యాన్యువల్ డేల్లో మీరు చూసే ఉంటారు.

కాబట్టి మీ మొదటి క్లాసు అమ్మానాన్నలకే పెట్టండి, ఫీజు తీసుకోకముందే, ఒక గంట. నాన్నలు కూడా రావాల్సిందే అని చెప్పండి, అమ్మ ఒక్కతే వచ్చి వెళ్తే సగం పనే అయినట్టు. అక్కడ దాచకుండా చెప్పండి, మీ అమ్మాయి కొన్ని వారాల్లో ఇంట్లో ‘ఎందుకు’ అని అడగడం మొదలుపెడుతుంది, ఎదురు చెప్తోందని క్లాసు మాన్పించకండి, అడిగినదానికి కారణం చెప్పండి చాలు, కారణం నచ్చకపోయినా పిల్లలు వింటారు, కారణమే చెప్పకపోతేనే మొండికేస్తారు అని. ఇది విని కొందరు లేచి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి, మూడో వారంలో గొడవై పిల్ల మధ్యలో మానేసేకంటే అదే నయం.

సరే, కంటికి కనపడేలా ఎలా చెయ్యాలి అంటే, ‘మీ అమ్మాయిలో ఆత్మవిశ్వాసం నింపుతాం’ అని పాంప్లెట్‌లో రాయకుండా పనులు రాయండి. ఎనిమిది వారాలయ్యేసరికి మీ అమ్మాయి పోస్టాఫీసుకెళ్లి తనే కవరు మీద అడ్రస్ రాసి స్పీడ్ పోస్ట్ చేసొస్తుంది, బ్యాంకులో పే-ఇన్ స్లిప్ నింపి కౌంటర్లో డబ్బులు కడుతుంది, తెలియని నంబరుకి ఫోన్ చేసి గ్యాస్ సిలిండర్ ఎందుకు రాలేదో కనుక్కుంటుంది, ఆర్టీసీ బస్సులో టికెట్ వెనక కండక్టర్ రాసిచ్చిన చిల్లర దిగేలోపు అడిగి తీసుకుంటుంది, మెడికల్ షాపులో నలుగురు మగవాళ్లున్నా శానిటరీ ప్యాడ్స్ పేరు పెట్టి అడిగి కొంటుంది, క్లాసులో అర్థం కానిది లేచి అడుగుతుంది. ఇలా రాస్తే ఏ తండ్రికైనా అర్థమవుతుంది, ఎనిమిది వారాల తర్వాత వచ్చిందో లేదో ఆయనే చూసుకోవచ్చు. మొదట్లో మీరు పక్కనే ఉండండి, తర్వాత గుమ్మం దగ్గర, తర్వాత రోడ్డుకి అవతల.

దీనికి శాస్త్రం కూడా ఉందమ్మా. ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్ట్ 1977లోనే రాశాడు, ‘ఈ పని నేను చెయ్యగలను’ అన్న నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందని. అన్నిటికంటే బలమైనది తనే ఒక పని చేసి నెగ్గడం, తర్వాతది తనలాంటి వాళ్లు నెగ్గుతుంటే చూడటం, ఇంకొకటి పక్కవాళ్లు చెప్పే మాటలు, నాలుగోది గుండె దడ, చెమటలు వచ్చినప్పుడు దాన్ని తను ఎలా తీసుకుంటుందన్నది. మన మోటివేషన్ క్లాసులన్నీ ఆ మాటల దారినే పట్టుకుని, గట్టు మీద కూర్చోబెట్టి ఈత గురించి ఉపన్యాసం ఇచ్చినట్టు, ‘నువ్వు చెయ్యగలవ్, నువ్వు సింహానివి’ అని పిల్లలతో గట్టిగా అరిపించి పంపించేస్తున్నాయి. ఆ ఊపు ఇంటికెళ్లేలోపే దిగిపోతుంది.

మలావత్ పూర్ణ పేరు ఈ క్లాసులన్నిట్లో చెప్తారు, మీరూ చెప్పండి, కానీ మొత్తం చెప్పండి. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. ధైర్యం ఉంది కాబట్టి ఎక్కింది అని అక్కడితో ఆపేస్తారు అందరూ. ఆ పిల్లని ముందు భువనగిరి గుట్ట మీద తాడు కట్టి రాక్ క్లైంబింగ్ చేయించారు, అది వచ్చాక డార్జిలింగ్ తీసుకెళ్లి ట్రైనింగ్ ఇప్పించారు, ఆ తర్వాత లడక్ చలిలో ఉంచారు, ఇవన్నీ అయ్యాకే ఎవరెస్ట్. పక్కన ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఉన్నాడు, నేర్పించడానికి శేఖర్ బాబు లాంటి పర్వతారోహకుడున్నాడు. ఒక మెట్టు ఎక్కినాకే ఇంకో మెట్టు చూపించారు. మీ క్లాసు కూడా అలాగే కట్టుకోవాలి, ఎనిమిది వారాలకి ఎనిమిది మెట్లు, మొదటి మెట్టు ఎంత చిన్నదంటే ఎంత బెరుకున్న పిల్లయినా ఎక్కేయగలగాలి.

ఒక వేసవి క్యాంపులో చూసిన సంగతి చెప్తాను. తొమ్మిదో క్లాసు పిల్ల, ఏం అడిగినా చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుని గొణిగేది. ‘పెద్దగా చెప్పు, పెద్దగా చెప్పు’ అని నలుగురూ అంటుంటే గొంతు ఇంకా లోపలికి పోయేది. క్యాంపు నడిపే ఆవిడ ఆ పిల్లని వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని న్యూస్ పేపర్లో సినిమా పేజీ తనొక్కదానికే చదివి వినిపించమంది. మర్నాడు ఆవిడ కుర్చీ ఓ రెండడుగులు వెనక్కి జరిపింది. రోజూ అలాగే జరుపుకుంటూ పోయింది. క్యాంపు అయిపోయేసరికి ఆవిడ వరండా ఆ చివర, పిల్ల ఈ చివర, బయట రోడ్డు మీద ఆటోల హారన్లు, అయినా ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోంది, చున్నీ నోటి దగ్గర లేదు. పెద్దగా చదవమని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. ఇలాంటివి ఏ 45 వేల కోర్సులోనూ దొరకవు, పిల్లని చూస్తూ కూర్చుంటేనే తడతాయి.

మెచ్చుకోవడంలో కూడా జాగ్రత్త కావాలి. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే సైకాలజిస్టులు 1998లో ఐదో క్లాసు పిల్లల మీద చేసిన పరిశోధనలో, ‘నువ్వు తెలివైనదానివి’ అని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఆ తర్వాత తేలికైన పజిళ్లే ఎంచుకున్నారు, కష్టమైనవి తప్పు పోయాక డీలాపడిపోయారు, ‘బాగా కష్టపడ్డావ్’ అని మెచ్చుకున్నవాళ్లు కష్టమైనవి ఇంకా పట్టుకున్నారు. కాబట్టి ‘సూపర్, బ్రిలియంట్’ అనేకంటే ‘మధ్యలో ఆగిపోయావు, మళ్లీ అందుకున్నావు చూడు’ అని చేసిన పని పేరు పెట్టి చెప్పండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది. పిల్లలకి మీ మీద నమ్మకం కుదిరాక ఎవరో ఒకరు ఇంకెవరితోనూ చెప్పుకోలేని విషయం మీతో చెప్తారు, ట్యూషన్ సారు గురించో ఇంట్లో మనిషి గురించో. ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి మేడం’ అంటారు. ఒట్టెయ్యకండి. మొదటి రోజే అందరికీ చెప్పండి, మీరు చెప్పేవన్నీ నాలోనే ఉంటాయి, కానీ ఎవరైనా మిమ్మల్ని బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం సాయం చేసేవాళ్లకి చెప్తాను అని. పోక్సో చట్టం 2012లో వచ్చింది, దాని సెక్షన్ 19 ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం వచ్చినా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మానసిక ఇబ్బందికి టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, ఫొటోలతో బెదిరింపులు, ఆన్‌లైన్ మోసాలకి సైబర్ క్రైమ్ 1930. ఈ మూడు నంబర్లూ గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయించండి. చేతులు కోసుకోవడం, తిండి మానెయ్యడం, చచ్చిపోతాననడం, ఇలాంటివి కనపడితే అది మీ క్లాసుతో తీరేది కాదు, తల్లిదండ్రులతో మాట్లాడి వెంటనే డాక్టర్ దగ్గరకి పంపించండి. ఒక్క మీరే కాకుండా ఇంకో ఆడమనిషి ఎప్పుడూ హాల్లో ఉండాలి, బాత్రూమ్ శుభ్రంగా, గడియపడేలా ఉండాలి, సాయంత్రం పిల్ల ఎవరితో వెళ్తోందో రిజిస్టర్లో రాయాలి. పిల్లల ఫొటోలు, వీడియోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి పబ్లిసిటీ చేసుకోవద్దు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది, పైగా తను ఏడ్చిన వీడియో ఊరంతా చూసిన పిల్ల మళ్లీ క్లాసులో నోరు విప్పదు.

డబ్బులు. ఒక బ్యాచ్‌కి 12 మందికి మించొద్దు, 10-12 ఏళ్ల వాళ్లు వేరు, 13-15 వేరు, ఎందుకంటే పీరియడ్స్, ఒంట్లో మార్పులు, ఫోన్‌లో మెసేజ్‌లు, ఇవన్నీ ఆ పెద్ద పిల్లలతో మాట్లాడే తీరు వేరు. ఆ 12 మందిలో ఇద్దరిని ఫీజు లేకుండా తీసుకోండి, మీ పనిమనిషి కూతురైనా సరే, ఎవరు ఫ్రీగా వస్తున్నారో మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. మిగతా పదిమంది నెలకి 1,500 చొప్పున కడితే 15,000. శని ఆదివారాలకి హాలు అద్దె 4,000 అనుకోండి, సాయంగా ఉండే అమ్మాయికి 4,000, చార్టులు, జిరాక్సులు, బిస్కెట్లు 2,000, మీకు మిగిలేది 5,000. అదే హాల్లో రెండో బ్యాచ్ పడితే అద్దె పెద్దగా పెరగదు కాబట్టి అప్పటినుంచి కాస్త ఊపిరాడుతుంది. అందుకే మీవారు చెప్పిన ట్యూషన్ కూడా పెట్టండి, వారంలో ఐదు రోజులు సైన్స్, మ్యాథ్స్, శని ఆదివారాలు ఇది, ట్యూషన్‌కొచ్చే పిల్లల్లోంచే మీ మొదటి బ్యాచ్ వస్తుంది. ఏప్రిల్ చివర్లో స్కూళ్లకి సెలవులిస్తారు కదా, మేలో రెండు వారాలు పొద్దున్న 7 నుంచి 10 దాకా, ఎండ ముదరకముందే అయిపోయేలా ఒక చిన్న క్యాంపు పెట్టి చూడండి, జూన్‌లో స్కూళ్లు తెరిచాక బ్యాచ్ మొదలుపెట్టొచ్చు.

కాయితాలు పెద్దగా ఏమీ లేవు. మీ పేరు మీదే ప్రొప్రైటర్‌గా పెట్టుకోవచ్చు, చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ గవర్నమెంట్ సైట్‌లో ఆధార్‌తో పూర్తిగా ఫ్రీ, ఎవరైనా డబ్బులడిగితే అది అసలు సైట్ కాదని అర్థం. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, లేబర్ ఆఫీసులో షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్ గురించి మీ ఊరి ఆఫీసుల్లో కనుక్కోండి. ఏడాదికి వసూలయ్యే మొత్తం 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గొడవ లేదు. ముద్రా లోన్‌లో శిశు కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, కానీ మొదటి బ్యాచ్‌కి అప్పు చెయ్యొద్దు, ఆ బ్యాచ్‌కి కావాల్సింది చాపలు, ఒక బ్లాక్ బోర్డు, పిల్లలతో ఓపిగ్గా కూర్చునే మనిషి.

ప్రశ్న: మేడం, మా బిడ్డకు 13 ఏండ్లు. ఇంట్ల మంచిగనే మాట్లాడుతది, బయటికి పోతే నోరు తెరవది. మా కాడ ఒక సెంటర్ వాళ్లు 30 రోజులల్ల గ్యారంటీగా మారుస్తమంటున్నరు, 20 వేలు ముందే కట్టాలె, క్లాసు జరుగుతుంటె తల్లిదండ్రులు లోపలికి రావద్దంట. పంపాల్నా?
- ఒక అమ్మ, కరీంనగర్

జవాబు: పంపొద్దమ్మా. గ్యారంటీ అన్న మాట ఒక్కటే చాలు ఆగిపోడానికి, పిల్లల విషయంలో తేదీ పెట్టి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ముందే మొత్తం కట్టమనడం, లోపల ఏం జరుగుతుందో చూడనివ్వకపోవడం, ఈ రెండూ కూడా మంచి గుర్తులు కావు. మంచి చోటైతే ఒక క్లాసు వెనక కూర్చుని చూడనిస్తారు, నెలనెలా ఫీజు తీసుకుంటారు, బ్యాచ్‌లో ఎంతమంది, చెప్పేదెవరు అని అడిగితే విసుక్కోకుండా చెప్తారు. కొన్నిచోట్ల భయం పోగొడతామని బెరుకున్న పిల్లని అందరి ముందు నిలబెట్టి మిగతావాళ్లతో నవ్విస్తారు, అది అస్సలు మంచిది కాదు, పిల్ల ఇంకా ముడుచుకుపోతుంది.

ఇంకో మాట, తక్కువ మాట్లాడటం రోగం కాదు. మీ బిడ్డకి బడిలో ఒకరిద్దరు దోస్తులున్నారా, అవసరమైనప్పుడు టీచర్‌ని బాత్రూమ్‌కి పోతానని అడగగలుగుతుందా, నచ్చిన పని చేసేటప్పుడు సంతోషంగా ఉంటుందా, ఇవి చూడండి. ఇవన్నీ ఉంటే ఆ పిల్ల స్వభావం అదే, అలాగే పెరగనివ్వండి, చుట్టాల ముందు ‘మా బిడ్డ మాట్లాడది’ అనడం మాత్రం మానేయండి, పిల్ల విని అదే తన పేరనుకుంటుంది. ఎప్పటినుంచో ఇంట్లో మాట్లాడుతూ బడిలో నెలల తరబడి ఒక్క మాట కూడా రాకపోతే మాత్రం పిల్లల డాక్టర్‌కో సైకాలజిస్ట్‌కో చూపించండి, దానికి సరైన వైద్యం ఉంది. అదే మొన్నమొన్నటి దాకా బాగా మాట్లాడి ఉన్నట్టుండి మూగబోయిందంటే ఏదో జరిగినట్టే, కోప్పడకుండా రాత్రి పక్కన పడుకుని నెమ్మదిగా అడగండి, చెప్పింది నమ్మండి.

ప్రశ్న: 16 ఏళ్లలోపు పిల్లల్ని కోచింగ్‌లో చేర్చుకోకూడదని కేంద్రం రూల్ పెట్టిందన్నారు. అమ్మాయిలకి పబ్లిక్ స్పీకింగ్, డ్రామా క్లాసులు నడుపుతున్నాను, నాకూ వర్తిస్తుందా?
- హైదరాబాద్ నుంచి

జవాబు: మీరు చెప్పేవి 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన గైడ్‌లైన్స్. ఐఐటీ, నీట్ లాంటి చదువుల కోచింగ్‌ల ఒత్తిడి చూసి పెట్టినవి అవి, 50 మంది కంటే ఎక్కువ మందికి పాఠాలు చెప్పేదాన్నే కోచింగ్ అన్నారు, కౌన్సెలింగ్, ఆటలు, డాన్సు, నాటకం లాంటివాటిని అందులోంచి తీసేశారు. కాబట్టి చిన్న బ్యాచ్‌తో మీరు చేసేది దాని కిందకి రాదు. అయినా మండల విద్యాధికారి ఆఫీసులో ఒకసారి కనుక్కుని రాతపూర్వకంగా ఉంచుకోండి. ఫైర్ సేఫ్టీ, గాలీ వెలుతురూ, రెండో మెట్ల దారి, ఇవి రూల్ ఉన్నా లేకపోయినా చూసుకోవాల్సినవే, అందులోనూ మూడో అంతస్తు గదిలో పిల్లల్ని కూర్చోబెడుతుంటే.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను, మాది ఒంగోలు దగ్గర పల్లె. మా ఊరి అమ్మాయిలకి ఆదివారాలు జూమ్‌లో ఫ్రీగా కాన్ఫిడెన్స్ క్లాసులు చెప్పాలని ఉంది. లేదంటే డబ్బు సాయమైనా చేస్తాను. ఏది మంచిది?
- ఒక చెల్లెలు, అమెరికా

జవాబు: మంచి ఆలోచనమ్మా, కానీ జూమ్ దగ్గర ఒక ఇబ్బంది ఉంది. పల్లెలో ఆ పిల్ల చేతిలో ఉండే ఫోన్ నాన్నదో అన్నదో అయ్యుంటుంది, ఉన్నదే రెండు గదులు, పిల్ల మాట్లాడే ప్రతి మాటా నానమ్మ, అన్నయ్య, ఎదురింటివాళ్లు అందరూ వింటూనే ఉంటారు. అక్కడ ఆ పిల్ల మనసులో మాట చెప్పలేదు, చెప్పినా తర్వాత మాటలు పడాల్సి వస్తుంది. అందుకని ఊళ్లోనే చదువుకున్న ఒక అమ్మాయిని, డీఈడీ చేసి ఖాళీగా ఉన్నవాళ్లో, టీచరుగా చేసి పెళ్లయ్యాక మానేసినవాళ్లో, అలాంటి ఒకరిని చూసి, బడిలోనో అంగన్‌వాడీ గదిలోనో పర్మిషన్ తీసుకుని పిల్లల్ని కూర్చోబెట్టి, ఆ అమ్మాయికి నెలనెలా జీతం మీరివ్వండి. మీరు నెలకోసారి వీడియోలో కనపడి మీ ఉద్యోగం గురించి, మొదటిసారి విమానం ఎక్కినప్పుడు పడ్డ భయం గురించి చెప్పండి, మన ఊరి అక్క అక్కడిదాకా వెళ్లిందన్నది పిల్లలకి పెద్ద సంగతి. మీకు ఆదివారం పొద్దున్న 9:30 అంటే వేసవిలో ఇక్కడ సాయంత్రం 7 గంటలు, కుదురుతుంది.

డబ్బు ఏదైనా సంస్థకి పంపాలనుకుంటే ఒకటి చూసుకోండి. మీది ఇంకా ఇండియా పాస్‌పోర్టే అయితే మీ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపడం విదేశీ విరాళం కిందకి రాదు, అమెరికా సిటిజన్‌షిప్ తీసుకుని ఉంటే మాత్రం వస్తుంది, అప్పుడు ఆ సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉండాలి. లేకుండా తీసుకుంటే ఇబ్బంది పడేది ఇక్కడివాళ్లు.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ సెకండియర్. మా ఊళ్లో చిన్న ఆడపిల్లలకి ధైర్యం నేర్పాలని ఉంది గానీ నాకే కొత్తవాళ్లతో మాట్లాడాలంటే కాళ్లు వణుకుతాయి. నాలాంటిది నేర్పొచ్చా?
- శ్రీకాకుళం నుంచి

జవాబు: నేర్పొచ్చు తల్లీ, నువ్వే బాగా నేర్పుతావు. పైన బండూరా చెప్పిన రెండో దారి అదే, తనలాంటి మనిషి భయపడుతూనే చేస్తుంటే చూడటం. కాళ్లు వణుకుతున్నా బ్యాంకు కౌంటర్ దగ్గరకి వెళ్లి అడిగే అక్కని చూస్తే పిల్లలకి ‘అయితే నేనూ అడగొచ్చు’ అనిపిస్తుంది, అసలు భయమే తెలియని మనిషిని చూస్తే అంతగా అనిపించదు.

దుర్గాబాయి గురించి చదివే ఉంటావు, దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టింది, చిన్నపిల్లగా ఉన్నప్పుడే తను నేర్చుకున్న హిందీని అక్కడి ఆడవాళ్లకి చెప్పడానికి బడి పెట్టింది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర వలంటీరుగా నిలబడి, టికెట్ లేదని సాక్షాత్తూ జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది, టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. అప్పటికి తనకి 14 ఏళ్లు. ఆ పిల్లకి ఒక గేటు అప్పజెప్పారు, ఇదీ రూలు అని చెప్పారు, ఆ పనిలో పెద్దా చిన్నా చూడకుండా నిలబడింది. నువ్వూ పిల్లలకి అలాంటి చిన్న చిన్న బాధ్యతలే అప్పజెప్పు, గ్రంథాలయంలో పుస్తకాల రిజిస్టర్ రాయడం, వినాయక చవితి చందాల లెక్క చూడటం, చిన్న పిల్లల ఆటలకి అంపైరుగా నిలబడటం.

ఇప్పుడే ఫీజులు, బోర్డులు పెట్టుకోకు, నీ డిగ్రీ ముందు అవనీ. మీ వీధిలో ఐదు, ఆరు క్లాసుల పిల్లలు నలుగురుంటే చాలు, ముందు వాళ్లమ్మల దగ్గరకి వెళ్లి ఆదివారం పొద్దున్న గంటసేపు పిల్లల్ని లైబ్రరీకి తీసుకెళ్తానని అడుగు. ఆ నాలుగిళ్ల తలుపు కొట్టి అడగడమే నీకు మొదటి మెట్టు, ఒక్కదానివే వెళ్లలేకపోతే మొదటి ఇంటికి మీ అమ్మని తోడు తీసుకెళ్లు, రెండో ఇంటి దగ్గర ఆవిడని గేటు బయట నిలబడమను.